తేనెలో ముంచిన ఉంగరం

మా ఆడపడుచు చీజ్‌ను రొయ్యల పెట్టెలో తెచ్చింది. ఆమె తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ పిల్లలకు పాఠాలు చెబుతుంది. మే నెల ఎండలో అక్కడి నుంచి కైకలూరు పక్కనున్న మా అత్తగారి ఊరికి చేరేసరికి చీజ్ ముద్దయిపోతుందని, తెలిసినవాళ్ళ దగ్గర తెల్లటి థర్మోకోల్ పెట్టె అడిగి తీసుకుని, అడుగున ఐసు పరిచి, దాని మీద రకరకాల చీజ్ పొట్లాలు సర్దుకుని దిగింది. బాగా కడిగిన పెట్టేనట. మూత తీయగానే వసారా అంతా రొయ్యల వాసన కొట్టింది. ఆ వాసన చీజ్‌దో పెట్టెదో తేల్చడానికి మా మామగారిని పిలిచారు. చేపల చెరువుల గట్ల మీదే తల నెరిసిన మనిషి ఆయన. పెట్టె మీదికి వంగి ఒకసారి గాలి పీల్చి, వాసన పెట్టెదే, సరుకు బాగానే ఉందని తీర్పు చెప్పి వెళ్ళిపోయారు.

నేను ఏలూరులో బడిపంతులమ్మని. ఆ వేసవి సెలవుల్లో మా ఆయనతో కలిసి పాపను తీసుకుని అత్తగారింటికి వెళ్ళాను. పాపకు అప్పుడు ఐదు నెలలు నిండి ఆరో నెల నడుస్తోంది. మెడ నిలిపింది, బోర్లా పడుతోంది, ఎవరి నోట్లో ఏది కదులుతున్నా రెప్ప వేయకుండా చూస్తోంది. ఆ ఇంటికి మొదటి మనవరాలు కావడంతో నేల మీద పెట్టేవాళ్ళు లేరు.

ఆడపడుచు తన స్నేహితురాలి ఇంట్లో ఒక విందు చూసి వచ్చింది. చెక్క పలక మీద చీజ్ ముక్కలు, పళ్ళు, పప్పులు, మధ్యలో తేనె గిన్నె. అందరూ చుట్టూ కూర్చుని ఏ చీజ్‌కి తేనె ఎంత కావాలో చూసుకుంటూ తినడమట. వేసవి సాయంత్రం పొయ్యి వెలిగించే పని లేదంది. నాకు ఆ ఒక్క మాటే నచ్చింది. పలక కోసం అటక మీదున్న పాత టేకు తలుపు రెక్కలో ఒక ముక్క కోయించి, వడ్రంగి చేత చిత్రిక పట్టించింది. చేపలు తరిగే చెక్క ఇంట్లో ఉండగా ఇంత శ్రమ ఎందుకని అడిగాను. వదినలు ఉండేది ఇలాంటి మాటలు అనడానికే గదా అని నన్ను దాటుకుని వెళ్ళిపోయింది.

తేనె కూడా ఆమే తెచ్చింది. తాడేపల్లిగూడెం మార్కెట్ దారిలో ఏజెన్సీ వైపు నుంచి వచ్చినవాళ్ళు బేసిన్లలో తేనెపట్లు పెట్టుకుని కూర్చుంటారు. తనే దగ్గరుండి పట్టు పిండించి, సీసాలో పోయించుకుంది. మా అత్తగారు అంతమాత్రాన నమ్మే మనిషి కాదు. గ్లాసుడు నీళ్ళలో ఒక చుక్క వేసి చూశారు. చుక్క చెదరకుండా అడుక్కి దిగింది. ఒత్తికి తేనె రాసి వెలిగించారు. చిటపటలాడకుండా వెలిగింది. అప్పుడు సీసాను రెండు చేతులా పట్టుకుని, ఇది అసలైన తేనె, ఇందులో ఏ దోషమూ లేదని తేల్చేశారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత జరిగినదంతా ఆ నమ్మకం వల్లే జరిగింది.

ఎండ వాలాక వసారాలో చాప పరిచి మధ్యలో పలక పెట్టింది. గట్టిగా, పచ్చగా, ఉప్పుప్పగా ఉన్న చీజ్ ఒక పక్క, మెత్తటి తెల్లటిది ఇంకో పక్క, పిల్లల డబ్బాల్లో పెట్టే మామూలు చీజ్ ముక్కలు మరో పక్క. వాటి మధ్య మామిడి ముక్కలు, వేయించిన జీడిపప్పు, లేత ముంజలు. మా అత్తగారు చూస్తూ ఊరుకోలేక, గేదె ఈనిన ఇంటి నుంచి ముర్రుపాలు తెప్పించి జున్ను వండి, ముక్కలు కోసి ఒక మూల పెట్టారు. కూతురి చీజ్‌కి ఇదే పెద్దక్క అన్నారు. ఫ్యాను గాలి వేడిగా వీస్తుంటే చీజ్ ముక్కలకు మాతోపాటే చెమట పట్టింది.

వెటకారం చేద్దామని కూర్చున్నదాన్ని, గట్టి చీజ్ ముక్క మీద రెండు చుక్కల తేనె వేసుకుని నోట్లో పెట్టుకున్నాక మాట మరిచిపోయాను. ముందు ఉప్పు, వెనక తీపి, చివర ఎక్కడో పూల వాసన. ఆవకాయ అన్నం తింటూ మధ్యలో బెల్లం ముక్క కొరికినప్పటి సుఖం లాంటిది. మెత్తటి చీజ్‌కి తేనె ఎక్కువే పట్టింది. మామిడి ముక్క పక్కన తేనె వెలవెలబోయింది. డబ్బా చీజ్‌తో కలిపితే రెండూ పాడయ్యాయి. జున్ను మీద తేనె వద్దే వద్దని, మిరియాల ఘాటు చచ్చిపోతుందని మామగారు అడ్డుపడ్డారు. మా ఆయన దేనితో ఏది కలుస్తుందో చూడకుండా వరసగా తింటూ పోయారు. ఆ సెలవుల్లో నేను భయం లేకుండా తిన్న చివరి తిండి అది.

అత్తగారు చీజ్ ముట్టలేదు. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తేనె గిన్నె దగ్గరకు జరుపుకున్నారు. నేను చేతులు కడుక్కోవడానికి లేచాను. కుళాయి దగ్గర నుంచి తిరిగి చూసేసరికి ఆవిడ కుడిచేతి ఉంగరం వేలు పాప పెదాల మధ్య ఉంది. ఉంగరం మీద తేనె మెరుస్తోంది. పాప చప్పరిస్తోంది.

బంగారపు ఉంగరాన్ని తేనెలో ముంచి పసిపిల్ల నాలుకకు తాకించడం మా వైపు పాత ఆచారం. మాట తియ్యగా వస్తుందంటారు. తరాలుగా చర్చికి వెళ్ళే ఇల్లే అయినా ఆ ఆచారం మాత్రం మమ్మల్ని వదల్లేదు. మా అత్తగారూ, ఆవిడ పిల్లలూ అందరూ పుట్టగానే అలా తేనె నాకినవాళ్ళే. మా పాప దగ్గరే తేడా వచ్చింది. ఏలూరులో కాన్పయినప్పుడు పిల్లల డాక్టరు గారు మమ్మల్నందరినీ నిలబెట్టి, ఏడాది నిండేదాకా బిడ్డకు ఒక్క చుక్క తేనె కూడా తగలకూడదని గట్టిగా చెప్పారు. అప్పుడు తల ఊపిన అత్తగారు ఇన్ని నెలలూ ఆ కోరికను కడుపులో దాచుకున్నారు.

నేను వెళ్ళి పాపను ఆవిడ ఒళ్ళోంచి లాక్కున్నాను. తడి కొంగుతో నాలుక తుడిచాను. పాప నన్ను చూసి నవ్వింది. నాలుక మీద ఇక ఏమీ లేదు. తుడవడానికి మిగలకుండా మింగేసింది.

"డాక్టరు గారు చెప్పింది కొట్లో సీసా తేనె సంగతమ్మా," అన్నారు అత్తగారు. "అందులో పంచదార పాకం కలుపుతారు గదా. ఇది కళ్ళ ముందు పిండించింది."

కల్తీ సరుకే చెరుపు చేస్తుందని, అసలైనది ఎవరికీ ఏమీ చేయదని ఆవిడ నమ్మకం. పాలు, నెయ్యి, తేనెల విషయంలో మా ఇళ్ళన్నిటి నమ్మకమూ అదే. ఆవిడ లెక్కలో ఆవిడ డాక్టరు మాట మీరలేదు. ఇన్ని నెలలూ ఆగి, మచ్చలేని తేనె దొరికాకే పెట్టారు. ఆ లెక్క నాకు ఇప్పుడు అర్థమవుతుంది గానీ అప్పుడు చెవికెక్కలేదు.

మా వైపు ఎంత కోపం వచ్చినా 'అండీ' మాత్రం నోరు విడిచి పోదు. "నా పిల్లకి ఏమన్నా అయితే మీ మొహం చూడనండీ," అన్నాను. అందరూ వింటుండగానే అన్నాను. అందుకు నేను ఈనాటికీ చింతించడం లేదు. అంత భయంలో ఉన్న మనిషి దగ్గర అంతకంటే మంచి మాట ఉండదు.

మా ఆయన డాక్టరు గారికి ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టారు. ఆమె మమ్మల్ని తిట్టలేదు. తిట్టకపోవడంతో నా భయం ఇంకా పెరిగింది. తేనెలో కంటికి కనబడని క్రిమి ఒకటి గింజల్లా దాగి ఉండొచ్చని, పెద్దవాళ్ళ పేగులు వాటిని తట్టుకుంటాయి గానీ ఏడాది లోపు బిడ్డల పేగుల్లో అవి మొలకెత్తి విషం చేస్తాయని, ఆ విషానికి కండరాలు ఒక్కొక్కటే పట్టు వదిలేస్తాయని చెప్పారు. ముందు విరేచనం ఆగిపోతుంది. తర్వాత పాలు గట్టిగా తాగలేరు. ఏడుపు నీరసపడుతుంది. కనురెప్పలు వాలతాయి. నిలిపిన మెడ మళ్ళీ వాలిపోతుంది. ఇంకా ముదిరితే ఊపిరే కష్టమవుతుంది. చాలామంది పిల్లలకు ఏమీ కాదని, అరుదైన జబ్బేనని, కానీ వస్తే ఒక్క పూట కూడా ఆలస్యం చేయకూడదని అన్నారు. ఎన్నాళ్ళు చూడాలని అడిగితే, రేపే తేలే సంగతి కాదు, వారాలు పట్టొచ్చు, కనిపెట్టుకుని ఉండండి అన్నారు.

"అసలైన తేనె అండీ," అన్నారు మా ఆయన, అత్తగారి కోసమే అన్నట్టు.

"అసలైనదైనా, కల్తీదైనా, కాచినా ఒకటేనండీ," అన్నారు డాక్టరు గారు.

అత్తగారు ఉంగరం తీసి కొంగున ముడి వేసుకున్నారు. ఆ వేలి మీద ఉంగరం ఉన్నచోట చర్మం తెల్లగా చార కట్టి ఉంది. పలక మీద మిగిలిన చీజ్ అలాగే కరిగి తేనెలో కలిసిపోయింది. ఎవరు తీశారో, ఎప్పుడు కడిగారో నాకు తెలియదు.

ఆ మర్నాటి నుంచి మా ఇల్లు తలకిందులైంది. పసిపిల్ల ఏడిస్తే ఊరుకోబెట్టడం లోకంలో అందరూ చేసే పని. మేము ఏడిపించడం మొదలుపెట్టాం. కాసేపు నిశ్శబ్దంగా ఉంటే అరికాలు గిల్లేదాన్ని. అది కెవ్వుమంటే ప్రాణం లేచి వచ్చేది. ఆ కెవ్వు నిన్నటి కెవ్వంత ఉందా లేదా అని మళ్ళీ అనుమానం. పాలు తాగుతుంటే ఎంత గట్టిగా లాగుతోందో చూసుకునేదాన్ని. నిద్రలో సగం మూసిన కళ్ళు చూసి రెప్పలు వాలిపోయాయని మా ఆయన్ని పిలిచేదాన్ని. నిద్రపోయే పిల్ల కళ్ళు వాలక ఇంకేమవుతాయని అంటూనే ఆయనా వంగి చూసేవారు.

తెల్లారకముందే మామగారు చెరువు గట్టుకు పరుగెత్తేవారు. నీళ్ళలో గాలి తగ్గితే చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయని, అదేమన్నా కనబడుతుందేమోనని రోజూ ఆయనకు అదే దిగులు. ఇన్నేళ్ళూ ఆ పరుగు చూసి నవ్వుకున్నాను. ఇప్పుడు నేనూ కళ్ళు తెరవగానే అలాగే పాప నోటి వంక చూస్తున్నాను.

అత్తగారు పాపను మళ్ళీ ఎత్తుకోలేదు. ఎవరూ వద్దనలేదు. ఆవిడే గుమ్మం దగ్గర నిలబడి, పాలు తాగిందా అని కొడుకుని అడిగి వెళ్ళిపోయేవారు. అన్నం ముందు కూర్చుని కలిపి, తినకుండా లేచేవారు. అంతకుముందు పాపతో పొద్దస్తమానం మాట్లాడే మనిషి. ఇప్పుడు ఆవిడ గొంతే ఇంట్లో వినబడటం లేదు. నాకు జాలి కలగలేదు. నాకున్న భయంలో జాలికి చోటు లేదు.

ఓ రోజు పాపకు విరేచనం కాలేదు. మర్నాడూ కాలేదు. ఆ మధ్యాహ్నం పాలు తాగుతూ తాగుతూ మధ్యలో వదిలేసి నిద్రలోకి జారిపోయింది. డాక్టరు గారు చెప్పిన వరస నాకు కంఠతా వచ్చు. మొదటిది అయింది, రెండోది మొదలైంది. పాపను భుజాన వేసుకుని వచ్చి కారులో కూర్చున్నాను. మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తుకొచ్చారు. ఎవరూ పిలవకపోయినా అత్తగారు వచ్చి వెనక సీట్లో నా పక్కన కూర్చున్నారు. దిగమని అనబోయి ఊరుకున్నాను.

కైకలూరు దాటి కొల్లేరు మీదుగా ఏలూరు వెళ్ళే దారి అది. రెండు పక్కలా చెరువులు, వాటిలో గాలి కలిపే ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. ఎప్పుడు వెళ్ళినా ఆ దారి నాకు ఇష్టం. ఆ రోజు మాత్రం ఆ నీళ్ళకు అంతు లేదనిపించింది. వంతెన దగ్గర చేపల మేత లారీ ఒకటి ఆగిపోయి, ముందు బళ్ళు కదలడం మానేశాయి. మా ఆయన హారను మీద చెయ్యి తీయలేదు. అంత మోతకు కూడా పాప లేవలేదు.

అరికాలు గిల్లాను. మూతి ముడిచింది, ఏడవలేదు. ఇంకాస్త గట్టిగా గిల్లాను. పిల్లికూన మూలిగినట్టు ఒక చిన్న శబ్దం చేసి మళ్ళీ తల వాల్చేసింది. ఇదేనా నీరసమైన ఏడుపంటే అనుకున్నాను. ఇంత చిన్న ప్రాణం ఇలాగే, ఇంత మెల్లగా, నా ఒళ్ళోనే జారిపోతుందా అనుకున్నాను. దేవుణ్ణి ఏమని అడగాలో కూడా తెలియలేదు. అప్పుడు పక్కకి తిరిగి, అన్నాళ్ళకు మొదటిసారి అత్తగారితో మాట్లాడాను.

"మీరు పిలవండి అత్తయ్యగారూ. మీ గొంతు వింటే లేస్తుంది."

ఆవిడ కొంగు ముడిని గుప్పిట్లో నలుపుతూ రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నారు. మూడోసారి, "బుజ్జమ్మా, ఇలా చూడమ్మా," అన్నారు. పాప కళ్ళు తెరిచింది. పూర్తిగా తెరిచి, తల తిప్పి, ఆ గొంతు ఎక్కడిదా అని వెతికింది. నేను రెప్పలే చూస్తున్నాను. ఆవిడ పిలుపు ఆపలేదు. లారీ కదిలినా, ఏలూరు వచ్చినా ఆపలేదు. ఆస్పత్రి మెట్లెక్కుతూ కూడా నా వెనకే నడుస్తూ పిలుస్తూనే ఉన్నారు.

డాక్టరు గారు పాప కళ్ళలోకి లైటు వేసి చూశారు. నోట్లో వేలు పెట్టి ఎలా చప్పరిస్తోందో చూశారు. చేతులు పట్టి లేపి, మెడ ఎలా వస్తుందో చూశారు. ఆమె మొహంలో ఏమన్నా కనబడుతుందేమోనని నేను ఆమెనే చూస్తున్నాను. చివరికి పొట్ట మీద రెండు వేళ్ళతో మెల్లగా నొక్కారు. పాప మొహం కందగడ్డలా ఎర్రబడింది. ఒక్కసారిగా గది దద్దరిల్లేలా ఏడుస్తూ, రెండు రోజుల బాకీ డాక్టరు గారి బల్ల మీదే తీర్చేసింది. నర్సు పక్కకి గెంతింది. డాక్టరు గారు చేతులు కడుక్కుంటూ నవ్వారు. ఎండకు నీరసం, కొత్తగా మొదలుపెట్టిన ఉగ్గు, అంతే అన్నారు. మెడ బాగుంది, రెప్పలు బాగున్నాయి, ఏడుపు సంగతి మీకే తెలుస్తోంది గదా అన్నారు. అయినా ఇంకొన్ని వారాలు కనిపెట్టే ఉండమన్నారు.

అందుకే ఆ రోజుతో నా భయం పోయిందని చెప్పలేను. మేము ఏలూరులోనే ఉండిపోయాం. అత్తగారు సాయంత్రం బస్సుకు ఊరెళ్ళిపోయారు. ఆ వారాల్లో రోజూ ఫోను చేసి, మా ఆయన్ని ఒక్కటే అడిగేవారట, పాపను ఒకసారి ఏడిపించి వినిపించమని. బడి తెరిచారు, వానలు వచ్చాయి, పాప పాకింది. భయం ఏ రోజు వెళ్ళిపోయిందో నాకు తెలియదు. వచ్చినప్పుడు తెలిసినంత స్పష్టంగా భయం పోయేటప్పుడు తెలియదు.

మరుసటి వేసవికి పాప ఇల్లంతా తిరుగుతోంది. ఆడపడుచు మళ్ళీ పెట్టెతో దిగింది. ఈసారి కొత్త పెట్టె కొన్నానని ముందే చెప్పి మూత తీసింది. అదే వసారా, అదే చాప, అదే టేకు పలక. కొత్త చీజ్‌లు మానేసి, క్రితం సారి తేనెతో కలిసిన గట్టి చీజే ఎక్కువ తెచ్చింది. అత్తగారు జున్ను వండారు. పలక మీద అన్నీ సర్దాక తేనె గిన్నెను తీసి, పాపకు అందని చోట, కిటికీ మీద పెట్టి వచ్చారు. ఆ చేతికి ఉంగరం లేదు. తెల్లటి చార కూడా ఎండకు మాసిపోయింది.

పాపకు ఏడాది దాటి చాలా నెలలైందని, డాక్టరు గారు తేనె పెట్టొచ్చన్నారని అందరికీ తెలుసు. అయినా మా ఇంట్లో ఎవరూ పెట్టలేదు. నేను లేచి గిన్నె తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఉంగరం తెచ్చుకోమన్నాను.

"వద్దమ్మా. నాకు భయం," అన్నారు.

"నాకూ భయంగానే ఉందండీ. మీరే పెట్టండి," అన్నాను.

ఆవిడ లేచి లోపలికి వెళ్ళి, బీరువాలోంచి ఉంగరం తెచ్చారు. అది వేలి కణుపు దాటి ఎక్కలేదు. రెండు వేళ్ళతో పట్టుకుని తేనెలో ముంచారు. నేను పాప కనురెప్పలే చూస్తున్నాను. పాప నాలుక చాపి రుచి చూసింది. మొహం వికారంగా పెట్టి, ఆ తేనెనంతా అత్తగారి చీర మీద ఉమ్మేసింది. పలక మీదికి వంగి, పెద్ద చీజ్ ముక్క ఒకటి గుప్పిట్లో పట్టుకుని నోట్లో కుక్కుకోబోయింది.

గొంతుకు అడ్డం పడుతుందని ఆ ముక్క నేను లాక్కున్నాను. అంతే, పాప నేల మీద కూలబడి, కాళ్ళు తన్నుకుంటూ వీధి చివరిదాకా వినబడేలా ఏడుపు అందుకుంది. మా ఆయన ఎత్తుకోవడానికి లేచారు. అత్తగారు తేనె చెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

"ఉండరా. కాసేపు ఏడవనీ," అన్నారు.

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. పాప ఏడుపు తనంతట తాను ఆగేదాకా ఇద్దరం కదలకుండా విన్నాం.